ఇంజిన్ సంగతి తర్వాత, ముందు చాసీ చూడండి

పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొని సొంతంగా బాగుచేసుకోవాలి అనుకునేవాళ్ల ఉత్తరాలు ఈమధ్య బాగా వస్తున్నాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేశాను.

ప్రశ్న: మాకు తెలిసినవాళ్ల దగ్గర పాత డీజిల్ ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఒకటుంది. నాలుగైదేళ్లుగా షెడ్డులో కదలకుండా పడి ఉంది. స్టార్ట్ కాదు, అసలు ఇంజిన్ తిరుగుతుందో లేదో కూడా తెలియదు. అమ్మేద్దామని ఈమధ్యే కింద అంతా నల్ల పెయింటు కొట్టించారట, చూడ్డానికి శుభ్రంగానే ఉంది. ఇలాంటి బండి ఒకటి నా చేతులతో బాగుచేసి నడపాలని ఎప్పటినుంచో కోరిక. ఇంజిన్ పోయిన బండిని ఎవరైనా కొంటారా అని అన్నయ్య తిడుతున్నాడు. ఏం చూసి నిర్ణయించుకోవాలి?

జవాబు: మీ అన్నయ్యకు ఇంజిన్ గురించి భయం, నాకేమో ఆ నల్ల పెయింటు గురించి టెన్షన్. పాతికేళ్ల బండి కింద దుమ్ము ఉండాలి, గ్రీజు మరకలుండాలి, అక్కడక్కడా పైపైన తుప్పు ఉండాలి. అవేవీ లేకుండా అమ్మకానికి ముందే కొత్తగా పెయింటు పడిందంటే దాని వెనక ఏముందో తెలుసుకోకుండా డబ్బు చేతిలో పెట్టకండి. మంచి ఉద్దేశంతో కొట్టించి ఉండొచ్చు, కాదనను, కానీ చూడాల్సిందే.

ఈ తరహా పాత బండ్లు చాలావరకు నిచ్చెనలాంటి చాసీ మీద ఉంటాయి. పొడవునా రెండు ఇనుప దూలాలు, వాటి మధ్య అడ్డపట్టీలు. ఇంజిన్, గేర్‌బాక్స్, బాడీ, కమాన్ పట్టీలు, అన్నిటి బరువూ దానిమీదే. ఇంజిన్ బోరుకొస్తే బోరు చేయించొచ్చు, కుదరకపోతే ఇంకో ఇంజిన్ ఎక్కించొచ్చు, గేర్‌బాక్స్ విప్పి బేరింగులు మార్చొచ్చు. చాసీ కుళ్లిపోతే మాత్రం బండిలో ఉన్న ప్రతి వస్తువునీ విప్పి పక్కన పెట్టాలి, అప్పుడు గానీ పని మొదలు కాదు. ఇంట్లో చేసుకునేవాళ్లు మధ్యలో చేతులెత్తేసేది ఎక్కువగా ఇక్కడే, అందుకే దీని మీద ఇంత పట్టుబడుతున్నాను.

చూడ్డం ఎలాగంటే, పాత బట్టలు వేసుకుని, చిన్న సుత్తి, స్క్రూడ్రైవర్, టార్చి లైటు పట్టుకుని బండి కిందికి వెళ్లండి (చక్రాలు నేలమీదే ఉండాలి, జాకీ మీద లేపిన బండి కిందికి స్టాండ్లు పెట్టకుండా ఎప్పుడూ దూరొద్దు). వెనక ఇరుసు పైన చాసీ వంపు తిరిగే చోటు, కమాన్ పట్టీల బ్రాకెట్ల వెనక, బాడీని చాసీకి బిగించే చోట్లు, అన్నిటికన్నా వెనకున్న అడ్డపట్టీ, ఇవి ముందు చూడాలి. చక్రాలు చిమ్మిన బురద చేరి తడి ఆరకుండా ఉండేది అక్కడే. సుత్తితో మెల్లగా తడుతూ వెళ్లండి. గట్టి ఇనుము ఖంగుమని మోగుతుంది. కుళ్లిన చోట ఆ మోత ఆగిపోయి, అట్టపెట్టె మీద కొట్టినట్టు దబ్ దబ్ మంటుంది. అక్కడ స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా నొక్కండి. పెయింటు కింద లప్పం ఉంటే పెళ్లలుగా ఊడొస్తుంది, తుప్పు తినేసి ఉంటే మొన లోపలికే దిగిపోతుంది. అమ్మేవాళ్ల ముందు ఇలా పొడవడానికి మొహమాటపడొద్దు, ముందే అడిగి చేయండి. వద్దంటే ఆ బండి వదిలేయండి. దూలాల లోపలి వైపు తుప్పు ఇంకా ప్రమాదం, ఎందుకంటే అది లోపలినుంచి బయటికి తింటుంది, బయట కనిపించేసరికి సగం పని అయిపోయి ఉంటుంది. దూలానికి రంధ్రాలుంటాయి, వాటిలోకి టార్చి వేసి చూడండి, వేలు పెట్టి గీకండి. పొడి రాలితే సరే, పొరలు పొరలుగా రేకులు వస్తే ఆలోచించాలి.

ఆ తర్వాత చాసీ వంకర. ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకి ఎంత దూరమో ఎడమవైపు, కుడివైపు టేపుతో కొలవండి. స్టీరింగ్ తిన్నగా ఉండాలి. రెండు పక్కలా తేడా కొట్టొచ్చినట్టుగా ఉంటే బండికి ఎప్పుడో గట్టి దెబ్బ తగిలిందన్నమాట, లేదా కమాన్ పట్టీ మధ్యబోల్టు తెగి ఇరుసు జరిగి ఉంటుంది. రెండోది చిన్న రిపేరే.

ఇప్పుడు మీ అన్నయ్య భయపడుతున్న ఇంజిన్. ఏళ్ల తరబడి ఆగిన ఇంజిన్‌కి కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టడం అందరికీ ముందు వచ్చే ఆలోచన, దయచేసి ఆ పని చేయకండి. రింగులు సిలిండరు గోడలకు పట్టేసి ఉంటే సెల్ఫ్ బలవంతంతో విరగొచ్చు. గ్లో ప్లగ్గులో ఇంజెక్టర్లో విప్పి, ఒక్కో సిలిండరులో కొద్దిగా ఆయిల్ పోసి, ఒకటి రెండు రోజులు వదిలేయండి. తర్వాత క్రాంక్ పుల్లీ బోల్టుకి పొడుగు రాడ్డు పానా వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, చేత్తో తిప్పి చూడండి. కొంచెం కదిలితే చాలు, అటూ ఇటూ ఊపుతూ వదులు చేసుకోవచ్చు. రెండు పూర్తి చుట్లు ఎక్కడా తట్టుకోకుండా తిరిగిందంటే ఆశ ఉన్నట్టే. ఇంకో మాట, అది టైమింగ్ బెల్టు ఉన్న ఇంజిన్ అయితే ఆ పాత బెల్టుతో స్టార్ట్ చేయొద్దు. రబ్బరు ఎండిపోయి ఉంటుంది, తెగిందంటే చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకు కొట్టుకుని వంగిపోతాయి, బాగున్న ఇంజిన్‌ని చేజేతులా పాడుచేసుకున్నవాళ్లమవుతాం. ట్యాంకులో పాత డీజిల్ మొత్తం తీసేసి ఫిల్టరు మార్చాకే స్టార్ట్ చేయాలి. ఆగిన డీజిల్ అడుగున నీళ్లు చేరతాయి, ఆ నీళ్లూ డీజిలూ కలిసే చోట జిగురులాంటి పాచి పెరుగుతుంది, ఫిల్టర్లను అడ్డుకునేది అదే.

ఇంజిన్ తిరగకపోతే? తిరగదనే లెక్క వేసుకుని ధర మాట్లాడండి, తిరిగితే మీ అదృష్టం. చాసీ గట్టిగా ఉండి ఇంజిన్ పట్టేసిన బండి నా దృష్టిలో మంచి కొనుగోలు. ఇంజిన్ గడియారంలా నడుస్తూ చాసీ కుళ్లిన బండి వద్దేవద్దు. మీ అన్నయ్యకు ఈ మాట చెప్పండి, ఆయన మీద గౌరవంతోనే చెబుతున్నాను.

ఫోర్ వీల్ భాగాల్లో చూడాల్సినవి చాలా ఉన్నా, కదలని బండిలో చూడగలిగినవి మూడే. ముందు, వెనక డిఫరెన్షియల్ (మలుపులో ఎడమ, కుడి చక్రాల్ని వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల జట్టు, ఇరుసు మధ్యలో ఉంటుంది) హౌసింగ్‌ల ఫిల్లర్ బోల్టులు, అంటే ఆయిల్ పోసే చోట ఉండేవి, విప్పి వేలు పెట్టి ఆయిల్ చూడండి. తెల్లగా, నురగ పట్టినట్టుంటే లోపలికి నీళ్లు పోయాయి. వేడెక్కిన హౌసింగ్‌ని వాగులో దింపితే లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి ముడుచుకుంటుంది, పైన ఉండే చిన్న బ్రీదరు గొట్టం మూసుకుపోయి ఉంటే సీళ్ల సందుల్లోంచి నీళ్లు పీల్చేస్తుంది. రెండోది, ప్రొపెల్లర్ షాఫ్టుల్ని (ఇంజిన్ శక్తిని ఇరుసులకు చేర్చే పొడుగు గొట్టాలు) చేత్తో పట్టుకుని మెలితిప్పండి, జాయింటు కప్పుల చుట్టూ ఎర్రటి సన్నటి పొడి ఉంటే ఆ జాయింటు పోయినట్టే, అది పెద్ద ఖర్చు కాదు. మూడోది, ముందు చక్రాన్ని స్టాండు మీద లేపి పైనా కిందా పట్టుకుని ఊపితే ఆట ఉంటే బేరింగో కింగ్ పిన్నో (స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం దేని ఆధారంగా తిరుగుతుందో ఆ పిన్ను), ఎడమా కుడీ ఊపితే ఆట ఉంటే స్టీరింగ్ రాడ్డు ఎండ్లు.

చాసీ మీద కొట్టిన నంబరు, కాగితాల్లో ఉన్న నంబరు అక్షరం పొల్లు పోకుండా ఒకటేనా అని మీ కళ్లతో చూసుకోండి. కొనేముందే విడిభాగాల సంగతి కనుక్కోండి. ఇంజిన్ బేరింగులు, క్లచ్ ప్లేట్లు ఎక్కడో ఒకచోట దొరుకుతాయి, దొరకనివి కిటికీ రబ్బర్లు, ముందద్దం, మీటర్లు, లైట్ల అద్దాలు. అవి విరగకుండా ఉన్న బండికి రంగు వెలిసిపోయినా ఫరవాలేదు. బండికి పెట్టే డబ్బెంతో అంతే ఇంకో మూట చేతిలో ఉంటేనే దిగండి.

ప్రశ్న: పాత ల్యాండ్ రోవర్ ఒకటి చూశాను. బాడీ అల్యూమినియం కాబట్టి తుప్పు భయమే లేదని అమ్మే ఆయన అంటున్నారు. నిజమేనా?

జవాబు: సగం నిజం. 1948లో ల్యాండ్ రోవర్ వచ్చినప్పుడు యుద్ధం తర్వాత బ్రిటన్‌లో ఉక్కుకి కరువు, అందుకే బాడీ రేకులు అల్యూమినియం మిశ్రమంతో చేశారు. కానీ లోపలి చాసీ ఉక్కే. డ్యాష్‌బోర్డు ముందుండే బల్క్‌హెడ్ కూడా ఉక్కే, తలుపుల కీళ్లు తగిలేది దానికే. పైగా ఉక్కూ అల్యూమినియమూ ఒకదానికొకటి ఆనుకుని మధ్యలో తడి చేరితే అల్యూమినియం తెల్లటి పొడిగా తినేసుకుంటుంది. కాబట్టి పైన రేకులు నిగనిగలాడుతుంటే అది చాసీకి సర్టిఫికెట్ కాదు, ఈ బండ్లలో మోసపోయేది ఇందుకే. తలుపు సగం తెరిచి పైకి ఎత్తి చూడండి. కీలు దగ్గర బల్క్‌హెడ్ కూడా తలుపుతో పాటు కదిలితే అది పోయిందని అర్థం. కాళ్లు పెట్టుకునే చోట మ్యాట్లు ఎత్తి చూడండి. మిగతా పరీక్ష పైన చెప్పిన సుత్తీ స్క్రూడ్రైవరే.

ప్రశ్న: నెల క్రితం పాత ఫోర్ వీల్ డ్రైవ్ కొన్నాను. మామూలుగా బాగానే నడుస్తుంది. ఫోర్ వీల్‌లో వేసి తారురోడ్డు మీద మలుపు తిప్పితే మాత్రం బండి ఎవరో వెనక్కి లాగుతున్నట్టు బిగుసుకుపోతుంది, ఆ తర్వాత లివర్ వెనక్కి రాదు. ట్రాన్స్‌ఫర్ కేస్ పోయిందా? మెకానిక్ దించాలంటున్నాడు.

జవాబు: ఆగండి, ట్రాన్స్‌ఫర్ కేస్‌ని (గేర్‌బాక్స్ నుంచి వచ్చే శక్తిని ముందు, వెనక ఇరుసులకు పంచే పెట్టె) ఇప్పుడే దించొద్దు. మీరు రాసిన దాన్నిబట్టి అది పార్ట్ టైమ్ ఫోర్ వీల్ బండి అనుకుంటున్నాను. వీటిలో ముందు షాఫ్టుకీ వెనక షాఫ్టుకీ మధ్య డిఫరెన్షియల్ ఉండదు, ఫోర్ వీల్‌లో వేయగానే రెండూ ఒకటిగా బిగిసిపోతాయి. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాలకన్నా పెద్ద చుట్టు తిరగాలి, అంటే వేగంగా తిరగాలి. మట్టిలో, ఇసుకలో అయితే టైరు కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. గట్టి పొడి రోడ్డు మీద జారదు, ఆ మెలి అంతా షాఫ్టుల్లో, గేర్లలో పేరుకుంటుంది, అందుకే లివర్ రావట్లేదు. బండిని తిన్నగా కొద్దిదూరం వెనక్కి నడపండి, లేదా ఒక పక్క చక్రాలు మట్టి మీదికి దింపండి, వచ్చేస్తుంది. పొడి తారురోడ్డు మీద ఫోర్ వీల్ వేయడం మానేయండి, లేదంటే నిజంగానే దించాల్సి వస్తుంది.

తిన్నగా వెళ్తున్నా బిగుసుకుంటుంటే మాత్రం వేరే సంగతి. ముందూ వెనకా టైర్లు ఒకే సైజేనా, ఒకేలా అరిగాయా చూడండి. అవి సరిగా ఉన్నా బిగుసుకుంటే ముందు, వెనక డిఫరెన్షియల్ నిష్పత్తులు (చక్రాలు ఒక చుట్టు తిరగడానికి షాఫ్టు ఎన్ని చుట్లు తిరగాలో ఆ లెక్క) తేడా అయి ఉండొచ్చు. పాత బండ్లలో వెనక హౌసింగ్ పోతే దొరికిన ఇంకో మోడల్‌ది వేసేస్తుంటారు, టూ వీల్‌లో నడిపినంతకాలం తేడా తెలియదు. నేను కొన్న మొదటి బండిలో సరిగ్గా ఇదే జరిగింది, అమ్మినాయనకు తెలిసి చెప్పలేదో ఆయనకూ తెలియదో నాకు ఇప్పటికీ తెలియదు గానీ, మూడు నెలలపాటు ట్రాన్స్‌ఫర్ కేస్‌నే అనుమానించి రెండుసార్లు విప్పించాను. చివరికి సుద్దముక్కతో తేలింది. బండిని చదునైన నేలమీద ఆపి, మిగతా చక్రాలకు గట్టిగా అడ్డాలు పెట్టి, వెనక ఒక చక్రాన్ని లేపి స్టాండు పెట్టాలి. గేరు, ట్రాన్స్‌ఫర్ రెండూ న్యూట్రల్. షాఫ్టు మీద ఒక సుద్ద గీత, టైరు మీద ఒక గీత. చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పితే షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగితే అదే నిష్పత్తి. రెండో పక్క చక్రం నేలమీద కదలకుండా ఉంది కాబట్టి రెండు చుట్లు తిప్పాలి, ఒకటి కాదు. తర్వాత ముందు ఇరుసుకీ అంతే, హబ్బులు (ముందు చక్రాల్ని ఇరుసు షాఫ్టులకు కలిపే, విడదీసే భాగాలు) లాక్ చేసి. నాకు వెనక నాలుగు చుట్ల మీద కొంచెం వచ్చింది, ముందు నాలుగున్నర దాటింది. ఆ రోజు సుద్దముక్క చేతిలో పట్టుకుని ఎంతసేపు అలా కూర్చుండిపోయానో.

ఇది చేసేటప్పుడు హ్యాండ్ బ్రేక్‌ని నమ్ముకోకండి. కొన్ని పాత బండ్లలో హ్యాండ్ బ్రేక్ చక్రాలకు కాకుండా ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక షాఫ్టుకి ఉంటుంది. ఒక వెనక చక్రం గాల్లో ఉంటే షాఫ్టు బిగిసి ఉన్నా ఆ చక్రం ఉల్టా తిరుగుతూ నేలమీద ఉన్న చక్రాన్ని దొర్లనిస్తుంది, బండి జాకీ మీంచి జారిపోతుంది. అడ్డాలు పెట్టాలి, తప్పదు.

ప్రశ్న: ఏడాది క్రితం కొన్న బండిని కొత్తదానిలా చేద్దామని మొత్తం విప్పేశాను. ఇప్పుడు షెడ్డంతా అట్టపెట్టెలు. ఏ బోల్టు దేనిదో గుర్తులేదు. షెడ్డు తలుపు తీయాలంటేనే మనసు రావట్లేదు. అమ్మేద్దామా?

జవాబు: అమ్మకండి, ఇప్పుడే కాదు. విడివిడిగా ఉన్న బండికి తుక్కు ధర కూడా రావడం కష్టం, అంతకన్నా ముఖ్యం, మీరు ఇంత కష్టపడ్డారు. ఈ పరిస్థితి చాలామందికి వస్తుంది, తప్పంతా అన్నీ ఒకేసారి విప్పడంలోనే ఉంది, మీ చేతిపనిలో లేదు.

రేపు వెళ్లి ఒక్క పెట్టె తీసుకోండి. బ్రేకులవి. పని అక్కడే మొదలుపెట్టమని ఎందుకంటున్నానంటే భాగాలు తక్కువ, దొరుకుతాయి, రెండు మూడు ఆదివారాల్లో పూర్తయి కళ్లకు కనిపిస్తుంది. పాత రబ్బరు గొట్టాలు బయటికి బాగున్నా మార్చేయండి, లోపలి పొర ఉబ్బి దారి మూసేస్తే పెడల్ వదిలినా బ్రేకు వదలదు. బ్రేక్ ఆయిల్ కొత్త డబ్బా పోయండి, అది గాలిలోని తేమని పీల్చుకుంటుంది, తేమ చేరేకొద్దీ తక్కువ వేడికే మరిగి పెడల్ మెత్తబడుతుంది. బ్రేకుల తర్వాత స్టీరింగ్, ఆ తర్వాత రేడియేటరు, నీళ్ల గొట్టాలు, ఆ తర్వాత వైరింగ్. పెయింటు ఊసే ఎత్తొద్దు, బండి తన చక్రాల మీద తను కదిలేదాకా. ఒకటి బిగించడం పూర్తయ్యేదాకా ఇంకో పెట్టె తెరవొద్దు. బోల్టుల గొడవకి మీ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్ సంపాదించండి, భాగాల బొమ్మలు విడదీసి గీసి ఉంటాయి, ఒక్కో బోల్టు సైజు చూసి దాని చోటు పట్టుకోవచ్చు. అదే మోడల్ నడిపేవాళ్లు ఎవరైనా ఉంటే వెళ్లి బండి కింద పడుకుని నలభై యాభై ఫొటోలు తీసుకోండి, ఇలాంటి బండ్లున్నవాళ్లు కాదనరు. చాసీ మీద నాలుగు చక్రాలు, స్టీరింగ్, బ్రేకులు ఎక్కేసరికి బండి తోస్తే కదులుతుంది. అప్పుడు నాకు మళ్లీ రాయండి, ఇంజిన్ సంగతి మాట్లాడుకుందాం.

ప్రశ్న: గేర్‌బాక్స్‌కీ డిఫరెన్షియల్‌కీ ఒకే గేర్ ఆయిల్ పోయొచ్చా? షాపులో జీఎల్-5 ఎక్కువ మంచిదని ఇచ్చారు.

జవాబు: జీఎల్-4, జీఎల్-5 అనేవి గేర్ ఆయిల్ రకాలు, నంబరు పెద్దదైతే మంచిదనేం లేదు. జీఎల్-5లో గంధకం, భాస్వరం కలిసిన పదార్థాలు ఎక్కువ. డిఫరెన్షియల్ లోపల హైపాయిడ్ గేర్లు ఒకదానిమీద ఒకటి జారుతూ తిరుగుతాయి, వాటికి అది కావాలి. పాత గేర్‌బాక్సుల్లో సింక్రో రింగులు (గేరు మార్చేటప్పుడు గేర్ల వేగాల్ని సమం చేసేవి) ఇత్తడివి, వాటికి కొన్ని జీఎల్-5 ఆయిళ్లు పడవు, అందుకే మాన్యువల్ జీఎల్-4 అడిగితే జీఎల్-4 పోయండి. కొన్ని బండ్లకు గేర్‌బాక్స్‌లో ఇంజిన్ ఆయిలే పోయాలి, మాన్యువల్ చూడకుండా పోయకండి. డ్రెయిన్ బోల్టుకి అయస్కాంతం ఉంటే దానిమీద బూడిదరంగు మెత్తటి ముద్ద ఉండటం మామూలే, గేరు పళ్ల ముక్కలు కనిపిస్తే మాత్రం ఆయిల్ పోయడం ఆపి లోపల చూడాలి. పాత ఆయిల్ వదిలేముందు పై ఫిల్లర్ బోల్టు విప్పి చూసుకోండి. అది తుప్పుపట్టి రాకపోతే, కింద అంతా ఖాళీ అయ్యాక కొత్త ఆయిల్ పోసే దారి ఉండదు.